అరకు కొండల రైలుమార్గము

బాన్సువాడకు రైలుస్టేషను లేదు. నిజాంసాగరు కాలువనీటితో వరి పండించు ఈ ప్రాంతమువారు రైలెక్కవలెనన్న బోధనుకో, కామారెడ్డికో, నిజామాబాదునకో పోవలసినదే. ఆ బోధనుకు మాత్రము రైలు ఏల వచ్చినది? 1930ల చివర అచ్చట నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. టన్నులకొలది సరకును లోనికి తెచ్చుటకును, వెలుపలికి పంపుటకును రైలు కావలసి వచ్చెను. బోధను నుండి బాన్సువాడ మీదుగా బీదరునకు ఒక మార్గము వేయవలెనను మాట ఎంతో కాలముగా వినబడుచున్నను అది నేటికిని మాటగనే నిలిచియున్నది. దీనినిబట్టి మనకు ఒక సంగతి బోధపడును. మన దేశమున రైలు చాలచోట్ల మనుష్యులను వెదకికొనుచు రాలేదు; సరకును వెదకికొనుచు వచ్చెను. మనుష్యులు తరువాత ఎక్కిరి.

ఈ సత్యమునకు తెలుగునాట అన్నిటికంటె గొప్ప సాక్ష్యము తూర్పుకనుమలలో ఉన్నది. విశాఖపట్టణమునకు సమీపమునగల కొత్తవలస నుండి అరకులోయ మీదుగా బస్తరు అడవులలోని కిరండూలు వరకు పోవు కొండమార్గమే అది. నేడు దానిని చూచుటకు వేలాదిమంది వేడుకతో పోవుచున్నారు. కాని వేడుకకొరకు పుట్టిన మార్గము కాదది.

కొండరైలు అనగానే మనకు డార్జిలింగు, సిమ్లా, ఊటీ జ్ఞాపకము వచ్చును. డార్జిలింగు మార్గము 1881లోను, సిమ్లా మార్గము 1903లోను పూర్తియయ్యెను. ఊటీకి రైలు 1908లో చేరెను. వేసవి తాపము నుండి దొరలు, వారి కచేరీలు చల్లని కొండలకు తరలిపోవుటకు ఆ మార్గములు ఎంతయో తోడ్పడెను. అవి చిన్న పట్టాలపై చిన్న బండ్లు నడచునట్టివి. డార్జిలింగు పట్టాల మధ్య దూరము రెండడుగులే. ఈ మూడు మార్గములకును 1999, 2005, 2008 సంవత్సరములలో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ గౌరవము లభించెను. తెలుగుసీమలో అంతకుముందే నల్లమల కొండలను చీల్చుకొని ఒక మార్గము పోయెను. గుంతకల్లు నుండి నంద్యాల, గిద్దలూరు, కంభము మీదుగా బెజవాడవైపు పంతొమ్మిదవ శతాబ్ది చివర వేసిన ఆ మీటరుగేజి మార్గము, ఇరువదవ శతాబ్ది చివర బ్రాడ్‌గేజిగా మారెను. అరకు మార్గము వీనిలో దేనిని పోలినదియు కాదు. అది మొదటినుండియు బ్రాడ్‌గేజి. వేలాది టన్నుల బరువును మోయుటకై పుట్టినది.

ఆ బరువు ఏది? బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుపరాయి. ఎద్దు మూపురమువలె కనబడుటచే ఆ కొండకు ఆ పేరు వచ్చెను. 1934–35లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన క్రూక్‌షాంక్ ఆ ప్రాంతమును పరిశీలించి, మేలురకపు ఇనుప ఖనిజము పదునాలుగు నిక్షేపములుగా ఉన్నట్లు గుర్తించెను. కాని అడవి నడుమ ఉన్న రాయి ఎంత మేలైనదైనను, దారి లేనిచో రాయియే కదా! ఆ దారికి అవసరము రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత జపానులో పుట్టెను. యుద్ధములో చితికిపోయిన ఆ దేశము తన ఉక్కు పరిశ్రమను తిరిగి నిలుపుకొనుచుండెను. దానికి స్వదేశమున చాలినంత ఖనిజము లేదు. 1960లో ఒడంబడిక కుదిరెను. దాని ప్రకారము సంవత్సరమునకు బైలదిల్లా నుండి 40 లక్షల టన్నులు, కిరిబురు నుండి 20 లక్షల టన్నులు జపానునకు ఎగుమతి కావలెను. 1958లో ఏర్పడిన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ గనుల పనిని చేపట్టెను. రైలుమార్గముల పనికి దండకారణ్య–బొలాంగీర్–కిరిబురు పథకమని పేరు. అందులో మిక్కిలి పొడవైనదియు, మిక్కిలి కష్టమైనదియు సుమారు 450 కిలోమీటర్ల కొత్తవలస–కిరండూలు మార్గమే.

పటముపై చూచినచో ఆ కష్టము తెలియును. కొత్తవలస నుండి శృంగవరపుకోట వరకు బండి మైదానమున సాగును. బొడ్డవర దాటిన తరువాత అనంతగిరి కొండలు అడ్డుపడును. శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు, కరకవలస స్టేషనుల మీదుగా మార్గము మెలికలు తిరుగుచు పైకి ఎక్కి శిమిలిగుడ చేరును. అచ్చట ఎత్తు సముద్రమట్టము నుండి 996 మీటర్లు. తరువాత అరకు, ఆపైన ఒడిషాలోని కోరాపుట్ పీఠభూమి. అచ్చటినుండి జయపురమువైపు దిగి జగదల్‌పూరు మీదుగా దంతెవాడ అడవులలో ప్రవేశించును. మార్గము మొత్తముమీద 58 సొరంగములు, 84 పెద్ద వంతెనలు కలవు. బొర్రాగుహల కడ పట్టాలు గుహల నెత్తిపైననే పోవుచున్నవి. 1960ల నడుమ, దట్టమైన అడవిలో, మలేరియా జ్వరములకు పేరుపడిన కొండలలో ఈ పని సాగెను. 1967 నాటికి మార్గము సిద్ధమయ్యెను. 1968లో గని పని ఆరంభమయ్యెను.

బరువైన బండి కొండ ఎక్కుట కష్టమని అందరు నెరుగుదురు. దిగుట అంతకంటె కష్టమని ఎరిగినవారు కొలదిమందియే. ఖనిజపు బండి గని నుండి బయలుదేరి, జయపురము దాటి ముందుగా కోరాపుట్ పీఠభూమికి ఎక్కవలెను. పిదప శిమిలిగుడ నుండి కొన్ని పదుల కిలోమీటర్లలోనే దాదాపు 900 మీటర్లు దిగి మైదానమునకు రావలెను. ఇచ్చటి వాలు అరువదింటికి ఒకటి. అనగా అరువది అడుగులు ముందునకు పోయిన ఒక అడుగు క్రిందికి దిగును. ఎడ్లబండికి ఇది లెక్కలోనిది కాదు. వేలాది టన్నుల రైలుబండికి ఇది ప్రాణగండమే. చక్రములపై బ్రేకుదిమ్మలను అదేపనిగా నొక్కి పట్టినచో అవి వేడెక్కి పట్టు సడలును. అందుచే ఇంజనులోని మోటార్లనే బ్రేకుగా వాడుదురు. దిగునపుడు చక్రములే మోటార్లను త్రిప్పును. అవి విద్యుత్తును పుట్టించుచు చక్రముల వేగమును అణచును. పాత ఇంజనులలో ఆ విద్యుత్తు వేడిగా మారి గాలిలో కలిసిపోయెడిది. ఇప్పటి ఇంజనులు దానిని తిరిగి పైతీగకు ఇచ్చుచున్నవి. దిగుచున్న బండి పుట్టించిన శక్తి, ఎక్కుచున్న మరియొక బండికి సాయమగుట ఎంత చక్కని ఏర్పాటు!

1980–82 సంవత్సరములలో ఈ మార్గమునకు విద్యుదీకరణము జరిగెను. ఒక్కొక్క బండికి రెండు మూడు ఇంజనులు కట్టుట ఇచ్చట పరిపాటి. 1980ల చివర జపానులోని హిటాచి కంపెనీ చేసిన ఇంజనులు కొన్ని ఈ కొండలకు వచ్చెను. ఖనిజమును కొన్న దేశమే దానిని లాగు ఇంజనులను కూడ పంపినదన్నమాట. 1976లో విశాఖ రేవునకు బయటి హార్బరు ఏర్పడి పెద్ద ఓడలు వచ్చుటకు వీలయ్యెను. కాలము మారినకొలది ఖనిజపు గమ్యమును కొంత మారెను. విశాఖలో ఉక్కు కర్మాగారము నిర్మితమై 1992లో జాతికి అంకితమయ్యెను. పరదేశపు కొలుముల కొరకు వేసిన దారిపైననే మన కొలిమికిని రాయి దిగివచ్చెను. ఈ శతాబ్ది తొలి దశకమున బైలదిల్లా నుండి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టపుమార్గమొకటి వేసిరి. ఖనిజపు పొడిని నీటిలో కలిపి దానిద్వారా పంపుదురు. అనగా రాయికి మరియొక దారి దొరికెను. కొండలలోని మనుష్యులకో?

వారికి దొరికినది ఒక పాసింజరు బండి. గూడ్సుబండ్లకు దారి యిచ్చుచు, ప్రతి చిన్న స్టేషనులోను ఆగుచు, విశాఖకును కిరండూలునకును నడుమ తిరుగు ఆ బండియే గిరిజన గ్రామములకు లోకముతో ముడి. సంతకు పోవువారు, పట్టణమున చదువుకొను పిల్లలు, ఆసుపత్రికి పోవు రోగులు దానిలోనే ప్రయాణించిరి. ఖనిజము కొరకు వేసిన పట్టాలపై ఆ పాసింజరు ఒక విధముగా అతిథి. అయినను దశాబ్దములు గడచుసరికి ఆ అతిథి ఇంటి మనిషియైపోయెను.

ఒక చిన్న గౌరవముకూడ ఈ మార్గమునకు చాలకాలము దక్కెను. బ్రాడ్‌గేజి స్టేషనులలో దేశమునందెల్ల ఎత్తైనది శిమిలిగుడయేయని పేరు. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడచుట మొదలైన తరువాత ఆ కీర్తి అచ్చటి స్టేషనులకు చెందినది. పూర్వపు పుస్తకములలో చదివి శిమిలిగుడయే నేటికిని మొదటిదని చెప్పువారు కలరు. అది ఇప్పుడు సరికాదు. కీర్తి పోయినను కొండ ఎత్తు తగ్గలేదు గనుక అరకువాసులకు చింతలేదు!

ఇక ఈ మార్గమునకు వచ్చిన క్రొత్త జీవమును గూర్చి. 2017 ఏప్రిల్ 16వ తేదీన అప్పటి రైల్వేమంత్రి సురేశ్ ప్రభు విశాఖ–అరకు మార్గమున అద్దాల పెట్టెను ప్రారంభించెను. దానికి విస్టాడోమ్ అని పేరు. మద్రాసు పెరంబూరు కర్మాగారమున తయారైన ఆ పెట్టెలో 40 ఆసనములు, పైకప్పునకు అద్దములు, ఆసనము నెటు కావలసిన అటు త్రిప్పుకొనవచ్చును. విశేషమేమనగా, దానికొరకు క్రొత్త మార్గము వేయలేదు, క్రొత్త బండియు నడపలేదు. ఆ పాత పాసింజరుకే దానిని తగిలించిరి. కొండ అదియే, సొరంగము అదియే, నాలుగు గంటల ప్రయాణమును అదియే. చూచు కన్నునకు అద్దము పెట్టిరి, అంతియే. టిక్కెట్టు దొరకుట గగనమై, తరువాత అట్టి పెట్టెలను ఇంకను చేర్చవలసివచ్చెను.

ఈ పునరుజ్జీవనమును చూచి సంతోషింపవలసినదే. కాని ఒక ప్రశ్న మిగిలియున్నది. సరకుకొరకు పుట్టిన మార్గము ఇప్పుడు సందర్శకుల కొరకు కూడ నడచుచున్నది. మొదటి రెండు వర్గముల నడుమ మూడవ వర్గము, అనగా దారి ప్రక్కన నివసించువారు, వెనుకబడకూడదు. వానకాలమున కొండచరియలు విరిగిపడి మార్గము మూతపడినపుడు సందర్శకునకు పోవునది ఒక సెలవుదినము. గిరిజనునకు పోవునది సంత, వైద్యము, కూలి. కొత్తవలస–కోరాపుట్ నడుమ రెండవ మార్గము వేయు పనిని చేపట్టిరి. ఇప్పటివలె ఎదురుబండి కొరకు గంటలు నిలిచియుండవలసిన బాధ దానితో తగ్గును. ఆ మిగిలిన కాలములో కొంతయైనను చిన్న స్టేషనులలో ఆగు బండ్లకు దక్కవలెను. అదనపు మార్గమంతయు ఖనిజమునకే పోయినచో చరిత్ర మొదటికి వచ్చినట్లే.

సరకు పోయిన తరువాత రైలు ఎవరిదగునో మన ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. బోధను చక్కెర కర్మాగారము 2015 చివర మూతపడెను. బోధనుకు రైలుమార్గము మిగిలినది. ఒక మార్గము విలువ అది మోయు బరువును బట్టి కాదు, దాని ప్రక్కన నిలిచి ఎదురుచూచు మనుష్యులను బట్టి తెలియును. అరకు కొండలలో ఆ మనుష్యులు ఏబది సంవత్సరములకు పైగా ఒక పాసింజరు బండికొరకు ఎదురుచూచుచు, దానిని బ్రతికించుకొనుచు వచ్చిరి. అద్దాల పెట్టె ఆ బండికి తగిలినదేగాని, ఆ బండి అద్దాల పెట్టెకు తగిలినది కాదు. అరకు పోవు శ్రోతలు పైకప్పు అద్దములోనుండి కొండలను చూచి ఆనందింతురుగాక. ప్రక్క పెట్టెలో సంతగంపతో కూర్చున్నవారిని కూడ ఒకసారి చూతురుగాక. ఈ మార్గము నిలుచుట వారివలన.