ఉప్పునీటి లెక్క

ఉప్పు నీటిలో కరిగినప్పుడు అయాన్లుగా విడిపోతుందన్న మాటను నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం తడుముకోకుండా చెప్పగలడు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా ఒదిగిన ఆ సత్యం నిలదొక్కుకొనడానికి మాత్రం శతాబ్దానికి పైగా పట్టింది.

మంచినీరు సున్నా డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గడ్డకడుతుంది. ఉప్పునీరు అంతకంటె చల్లబడితే గాని గడ్డకట్టదు. పలుచని ద్రావణాలలో ఈ తగ్గుదల కలిపిన ఉప్పు పరిమాణాన్ని బట్టి ఉంటుందని ఇంగ్లండుకు చెందిన చార్లెస్ బ్లాగ్డెన్ 1788లో ప్రకటించాడు. దాదాపు నూరేండ్ల తరువాత, 1880 దశకంలో, ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్‌లో ఆచార్యుడైన రౌల్ట్ మరింత లోతుకు వెళ్ళాడు. కిలోగ్రాము నీటిలో 34.2 గ్రాముల పంచదార కరిగించినా, 6 గ్రాముల యూరియా కరిగించినా ఘనీభవన స్థానం ఒకే తీరుగా సుమారు 0.19 డిగ్రీలు తగ్గుతుంది. తూకాలు వేరైనా ఆ రెండింటిలోని అణువుల సంఖ్య ఒక్కటే. కరిగిన పదార్థమేదన్న దానితో నిమిత్తం లేదు, కణాలెన్ని అన్నదే లెక్క. అందువలననే వీటికి కణాధార ధర్మాలని పేరు.

ఉప్పు మాత్రం ఈ లెక్కకు లొంగలేదు. అన్నే అణువులు గల 5.85 గ్రాముల ఉప్పు 0.19కి బదులు సుమారు 0.35 డిగ్రీల తగ్గుదల చూపింది. ద్రవాభిసరణ పీడనానికి వాయు నియమాలు వర్తిస్తాయని కనుగొన్న హాలెండు శాస్త్రజ్ఞుడు వాంట్ హాఫ్‌కూ ఇదే చిక్కు ఎదురైంది. కారణం తెలియకనే ఆయన తన సమీకరణంలో ‘ఐ’ అనే ఒక గుణకాన్ని చేర్చి ఊరుకున్నాడు.

ఆ కారణం స్వీడన్ యువకుడు స్వాంటె అర్హీనియస్ పరిశోధనలో మొలకెత్తింది. ద్రావణాల విద్యుద్వాహకతపై అతడు 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. పరీక్షకులు దానిని తిరస్కరించలేదు గాని, అధ్యాపక పదవికి ఆశ పెట్టుకొనజాలనంత తక్కువ శ్రేణి ఇచ్చారు. నిరాశపడి మూలకు చేరకుండా అతడు ప్రతులను విదేశీ పండితులకు పంపాడు. రీగాలోని ఆచార్యుడు ఆస్ట్‌వాల్డ్ దానిని చదివి, ఆ ఏడే స్వయంగా ఉప్సాలాకు వచ్చి అతనిని కలుసుకున్నాడు. అనతికాలంలోనే ఉప్సాలాలో అతనికి ఉపన్యాసక స్థానం లభించింది. గుణదోష నిర్ణయంలో స్థానిక పెద్దలకంటె పొరుగూరి పెద్దమనిషి చూపే నిజమైన సందర్భాలు విజ్ఞాన చరిత్రలో అరుదు కావు.

నీటిలో ఉప్పు ధన, ఋణ అయాన్లుగా విడిపోతుందని, అందుకే కణాల లెక్క పెరుగుతుందని అర్హీనియస్ 1887లో స్పష్టంగా ప్రకటించాడు. నీటిని తాకితేనే భగ్గుమనే సోడియం, విషవాయువైన క్లోరిన్ గ్లాసెడు నీటిలో శాంతంగా ఎలా ఉంటాయని విమర్శకులు ప్రశ్నించారు. అది అజ్ఞానపు ప్రశ్న కాదు. ఎలక్ట్రాన్ ఉనికి బయటపడినది 1897లో. విద్యుదావేశం గల అయానుకు, పరమాణువుకు గల భేదాన్ని అంతకుముందు వివరించడం సులభసాధ్యం కాదు. మెండలీవ్ వంటి మహామహుడే ఈ సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. రసాయన శాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి 1901లో వాంట్ హాఫ్‌కు, 1903లో అర్హీనియస్‌కు దక్కాయి.

అయినా ఒక లోటు మిగిలింది. సరిగ్గా రెండింతలైతే 0.37 కావలసిన తగ్గుదల 0.35 వద్దనే ఎందుకు ఆగింది? కొంత ఉప్పు విడిపోకుండా మిగులుతుందని అర్హీనియస్ భావన. కలకత్తాకు చెందిన యువ శాస్త్రజ్ఞుడు జ్ఞానచంద్ర ఘోష్ 1918లో వేరు దారి పట్టాడు. ఉప్పు పూర్తిగానే విడిపోతుంది, విడివడిన అయాన్ల నడుమ ఉండే విద్యుదాకర్షణే వాటి స్వేచ్ఛను తగ్గిస్తుంది అని అతని వాదం. ద్రావణంలోనూ అయాన్లు స్ఫటికంలో వలె బారులు తీరి ఉంటాయన్న అతని ఊహ నిలువలేదు. 1923లో డిబై, హుకెల్ ప్రతి అయాను చుట్టూ వ్యతిరేక ఆవేశపు మేఘం ఉంటుందని గణించి లెక్క సరిచేశారు; పూర్తి వియోజనమనే మూలభావన మాత్రం నిలిచింది. 1939లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా వచ్చినది, అటుపిమ్మట ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.కి తొలి డైరెక్టరైనది ఈ ఘోషే.