జంట పదముల పూర్వకథ

బాల్యమున గురుముఖమున కావ్యములును వ్యాకరణమును చదివి, పిమ్మట ఇంగ్లీషు నేర్చి, ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. అక్షరదోషమును సహింపలేని స్వభావము నాది. ఒకనాడు ఒక రైతుబిడ్డ గోధుమపిండి యని ఇంగ్లీషున వ్రాయబోయి పువ్వు అని వ్రాసెను. రెండు మాటలకును పలుకుబడి యొక్కటే, వ్రాత వేఱు. వానిని బల్లపై నిలువబెట్టి, "పూలతో రొట్టెలు కాల్తువా?" యని యెగతాళి చేసితిని. తరగతి యంతయు నవ్వెను. వాడు తలవంచుకొని యేడ్చెను. ఆ తప్పెవరిదో నేడు చరిత్ర సాక్షిగా విచారింతము.

1066లో నార్మండీ ప్రభువగు విలియము ఇంగ్లాండును జయించెను. నాటినుండి ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో విస్తారముగా కలిసెను. పువ్వును దెలుపు మాటయు అట్లు వచ్చినదే. జల్లించిన పిండిలో మేలైన భాగమును నాటివారు 'పిండికి పువ్వు' అనిరి. క్రమముగా మొదటి మాట జారిపోయి, పువ్వే పిండికి పేరై నిలిచెను. శతాబ్దముల కొలది రెంటికిని వ్రాతలో నియతమైన భేదము లేదు. 1755లో శామ్యూల్ జాన్సను ప్రకటించిన మహానిఘంటువునందు సైతము ఈ రెండును వేఱు వ్రాతలుగా విడదీయబడలేదు. నేటి భేదము ఆ పిమ్మట స్థిరపడినదే.

కాగితములు, కలములు అమ్ము సరకునకు స్టేషనరీ యని పేరు గదా! కదలక నిలిచియున్నదానికిని అదే పలుకుబడి. పూర్వము ఐరోపాలో వర్తకులు పెక్కుమంది ఊరూర తిరిగి అమ్మెడివారు. ఒకచోట అంగడి పెట్టి నిలిచి పుస్తకములమ్మువానికి స్టేషనరు అని పేరు వచ్చెను. లండను నగరమందలి అట్టివారి సంఘమునకు 1557లో రాజశాసనము లభించెను. నిలుచుట యను లాటిను ధాతువే రెంటికిని మూలము. అది మన 'స్థా' ధాతువునకు తోబుట్టువు. సంస్కృత లాటిను భాషల యీ చుట్టరికమును 1786లో కలకత్తాలో విలియము జోన్సు చాటెను. కాగితముల మాటలో 'ఆర్' అక్షరమునకు ముందు 'ఈ', నిలుకడ మాటలో 'ఏ' యుండునని గుర్తుంచుకొనుడు.

అప్పు పత్రములలో అసలునకు వ్రాయు ప్రిన్సిపల్ అను మాట చివర 'ఏ, ఎల్' అక్షరములుండును. 'ఎల్, ఈ' యున్నచో అది ధర్మసూత్రము, నియమము అను అర్థమిచ్చును. ఇవియు ఒక తల్లి బిడ్డలే.

ఇట్టి చిక్కు లేల కలిగెను? 1476లో కాక్స్టను ఇంగ్లాండున అచ్చుయంత్రము నెలకొల్పెను. అచ్చు వ్యాపించినకొలది వ్రాత గట్టిపడసాగెను. నోటి పలుకు మాత్రము మారుచునే యుండెను. మనకును ఈ యనుభవము లేకపోలేదు. 'అరుగు' అనగా వెళ్లుట. 'అఱుగు' అనగా జీర్ణమగుట. నేడు చెవికి రెండును ఒక్కటే. పండితులే తడబడెడి చోట ఇంగ్లీషు చదువు పిల్లల నేమనగలము?

తప్పును దిద్దవలదని నేననను. వ్రాత తప్పినచో పత్రమున అర్థము తప్పును. కాని దిద్దునపుడు ఆ మాట కథ చెప్పి దిద్దవలెను. ఆనాడు నాకీ కథ తెలియదు. జాన్సను నిఘంటువు విడదీయని మాటలను విడదీయలేదని పసివానిని శిక్షించితిని. మీ మనుమలు పలకపై ఇట్టి తప్పు వ్రాసినపుడు నవ్వకుడు. నాడు నేను చెప్పలేకపోయిన కథ వారికి మీరు చెప్పుడు.