కాన్వాసుపై తొలి పూత: జెస్సో నుంచి యాక్రిలిక్ ప్రైమర్ వరకు

చిత్రకళా చరిత్రను మనం సాధారణంగా పైకి కనిపించే రంగులను బట్టి చదువుతాం. అయితే రంగుకూ బట్టకూ మధ్య మరొక పొర ఉంటుంది. చిత్రం వేయడానికి ముందు పూసే ఈ పొరను ఆధార లేపనం లేదా ప్రైమింగ్ అంటారు. ఆధారం, రంగు మారినప్పుడల్లా ఈ పూత చేయవలసిన పని కూడా మారింది. ఈ భాగంలో ఆ మార్పును పరిశీలిద్దాం.

1. చెక్క పలక నుంచి బట్టకు

మధ్యయుగ ఇటలీలో చిత్రకారులు ఎక్కువగా చెక్క పలకలపై చిత్రించేవారు. జిప్సాన్ని, జంతుచర్మం నుంచి కాచిన జిగురును కలిపి పలకపై అనేక పూతలు వేసేవారు. దీనినే 'జెస్సో' అన్నారు. 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నిని రాసిన చిత్రకళా గ్రంథంలో ముతక జెస్సో, మెత్తని జెస్సో తయారుచేసే పద్ధతులు కనిపిస్తాయి. 16వ శతాబ్దంలో, ముఖ్యంగా వెనిస్‌లో, కాన్వాసు వాడకం పెరిగింది. బట్టను చుట్టవచ్చు; కాని మందపాటి జెస్సో వంగదు, బీటలువారుతుంది. అందువల్ల పూతను పలుచన చేయవలసి వచ్చింది.

2. తైలవర్ణాల సమస్య

అవిసె నూనె నేరుగా బట్టకు తగిలితే కాలక్రమంలో పోగులు పెళుసుబారతాయి. అందుకే ముందు జిగురు పూసి, దానిపై తెల్లని పూత వేసేవారు. ఇక్కడ పూత ప్రధానంగా రక్షణ కవచం. అయితే జిగురు గాలిలోని తేమకు ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకుంటుంది. పాత తైలవర్ణ చిత్రాల పగుళ్లకు ఇదొక కారణం.

3. యాక్రిలిక్ రాకతో వచ్చిన మార్పు

1950ల మధ్యలో అమెరికాలో లిక్విటెక్స్ పేరుతో, నీటితో పలుచన చేయగల యాక్రిలిక్ రంగులు, ప్రైమర్ మార్కెట్‌లోకి వచ్చాయి. ఈ ప్రైమర్‌లో చర్మపు జిగురుకు బదులు యాక్రిలిక్ పాలిమర్ ఉంటుంది. ఆరిన తరువాత కూడా సాగుతుంది. అయినా దానిని 'జెస్సో' అనే అమ్ముతున్నారు. పేరు పాతదే, పదార్థం కొత్తది. కాబట్టి ఈ పదం ఎదురైనప్పుడు అది ఏ కాలానికి చెందిన జెస్సో అని మీరు ప్రశ్నించుకోవాలి.

హెలెన్ ఫ్రాంకెన్‌థేలర్ 1952లో 'మౌంటెన్స్ అండ్ సీ' చిత్రాన్ని ప్రైమింగ్ లేని కాన్వాసుపై, పలుచని తైలవర్ణాలతో వేశారు. రంగు బట్టలోకి ఇంకింది, నూనె కూడా ఇంకింది. ఇటువంటి చిత్రాలను భద్రపరచడం కష్టం. 1960లలో ఆమె యాక్రిలిక్‌కు మారారు; అది బట్టను నూనెలా పెళుసుబార్చదు.

మరి యాక్రిలిక్‌కు ప్రైమింగ్ ఎందుకని మీకు సందేహం కలగవచ్చు. ప్రైమింగ్ వల్ల రంగుకు పట్టు దొరుకుతుంది, బట్ట రంగును ఎక్కువగా పీల్చదు. యాక్రిలిక్‌లోని నీరు బట్టలోని మలినాలను పైకి లాగి, పారదర్శక పొరలను పసుపుపచ్చగా మార్చగలదు. అందుకే ముందు పారదర్శక యాక్రిలిక్ మీడియం పూసి, ఆరాక రెండు మూడు పలుచని ప్రైమర్ పూతలు వేయడం మంచిది.

4. చేర్యాల పటం

తెలంగాణలోని చేర్యాల చిత్రకారులు ఖాదీ బట్టపై గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంకనీరు కలిపి మూడుసార్లు పూస్తారు. కథ చెప్పేటప్పుడు పటాన్ని విప్పాలి, ముగిశాక చుట్టాలి. వెనిస్ చిత్రకారులకు ఎదురైన ప్రశ్నే ఇక్కడా ఉంది. దానికి జవాబు స్థానిక పదార్థాల నుంచి వచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

తైలవర్ణ చిత్రంలోనూ యాక్రిలిక్ చిత్రంలోనూ ఆధార లేపనం నిర్వహించే పాత్రలను పోల్చి రాయండి.