విద్యుత్తు కారు: నూటపాతికేండ్ల జమాఖర్చు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలునకు కటకట ఏర్పడినప్పుడు మద్రాసు రాజధానిలో బస్సులు బొగ్గుతో నడిచినవి. బస్సు వెనుక ఒక ఇనుప పొయ్యి బిగించి, అందులో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో మండించి, వచ్చిన వాయువును ఇంజనులోనికి పంపెడివారు. పొయ్యి రాజుకొనువరకు ప్రయాణికులు వేచియుండవలసినదే. మిట్ట వచ్చినచో బస్సు ఆయాసపడవలసినదే. పెట్రోలు మిగిలినది గాని, ఆ బొగ్గు కొరకు అడవిలో చెట్టు కూలినది. ఇంధనము మారినంత మాత్రమున ఖర్చు మాయమైపోదు. ఒక చోటు విడిచి మరొక చోట తేలును. ఈ సంగతి మనసున ఉంచుకొని, నేడు విరివిగా వినవచ్చుచున్న విద్యుత్తు కారు విషయమును విచారింతము.

హనుమంతునిపాడు వంటి చోట ఈ విచారణకు ప్రత్యేక ప్రయోజనము ఉన్నది. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడకముందు కనిగిరి ప్రాంతము నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోను ఉండెడివి. జిల్లాల హద్దులు మారినను దూరములు తరుగలేదు. ఆసుపత్రి పనికో, కళాశాల పనికో కనిగిరి నుండి ఒంగోలు పోయి తిరిగి వచ్చుటకే నూటయాభై కిలోమీటర్లకు పైబడును. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. ఇటువంటి సీమలో ఒక కుటుంబము కారు కొనుటయనగా ఏండ్ల తరబడి కూడబెట్టిన రొక్కమును ఒక్కసారిగా ఒడ్డుటయే. అది చవుకయా, శుభ్రమైనదా అను రెండు ప్రశ్నలకు తొందరపడి జవాబు చెప్పుకొన్నచో, ఆ నష్టము చాలాకాలము ఇంటిని వెంటాడును.

విద్యుత్తు కారు క్రొత్త వస్తువేమియు కాదు. 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటె సీసపు బ్యాటరీని కనిపెట్టినాడు. 1881లో కమీల్ ఫోర్ దానిని మెరుగుపరచినాడు. ఆ సంవత్సరమే గుస్తావ్ ట్రూవే పారిస్ వీధిలో విద్యుత్తుతో మూడు చక్రముల బండిని నడిపి చూపినాడు. 1899లో గంటకు నూరు కిలోమీటర్ల వేగమును మొట్టమొదట దాటిన కారు పెట్రోలుది కాదు. బెల్జియము దేశీయుడైన కమీల్ జెనాట్సీ నడిపిన విద్యుత్తు కారు. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరివి 1,681, విద్యుత్తువి 1,575, పెట్రోలువి 936 మాత్రమే అని లెక్క. పొగ లేదు, చప్పుడు లేదు, ముందు నిలబడి ఇనుప కడ్డీ త్రిప్పవలసిన బాధ లేదు. పట్టణములలోని సంపన్నులు దానినే మెచ్చుకొన్నారు.

మరి అది ఏల ఓడిపోయినది? ఆ జవాబు లండను నగరములోని అద్దెబండ్ల చరిత్రలో దొరకును. 1897లో వాల్టర్ బెర్సీ అను ఇంజనీరు అచ్చట విద్యుత్తు క్యాబులను ప్రవేశపెట్టినాడు. విద్యుత్తు ఖర్చు వానిని ముంచలేదు. బ్యాటరీల అరుగుదల, ఆ బరువునకు నలిగిన టైర్ల ఖర్చు ముంచినవి. రెండేండ్లకే ఆ బండ్లు వీధి నుండి తప్పుకొన్నవి. ఎడిసన్ అంతటివాడు ఇనుము, నికెలు కలిపిన బ్యాటరీ కొరకు ఏండ్ల తరబడి శ్రమించినను పందెము మారలేదు. 1901లో టెక్సాస్‌లో చమురు పుష్కలముగా పడినది. 1908లో ఫోర్డు చవుక కారు వచ్చినది. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారునకు అమరినది. దానితో కడ్డీ త్రిప్పు బాధ తీరి, పెట్రోలు కారునకు ఎదురు లేకపోయినది. విద్యుత్తు కారును ఓడించుటకు విద్యుత్తే సాయపడినదన్నమాట.

ఐనను విద్యుత్ ప్రయాణము పూర్తిగా ఆగిపోలేదు. ఆనాడు తెలుగువారికిని రాజధానియైన మద్రాసులో 1895లో ప్రారంభమైన విద్యుత్ ట్రాము భారతదేశములో మొదటిది. అది 1953 వరకు నడిచినది. ట్రామునకు బ్యాటరీ బరువు లేదు. దారి పొడవునా విద్యుత్తు దొరకెడిది. ఇంగ్లండులో ఇంటింటికి పాలు పోయు బండ్లు దశాబ్దముల తరబడి బ్యాటరీలతోనే తిరిగినవి. వాని దారి నిర్ణీతము, వేగము స్వల్పము. పని ముగియగానే తిరిగి పాకకు చేరి చార్జి చేసికొనెడివి. దీనినిబట్టి ఒక సూత్రము తేలుచున్నది. రోజూ తిరుగు దూరము ముందుగా తెలిసి, ప్రతిదినము ఒకే చోటికి చేరు బండికి విద్యుత్తు లాభించినది. ఎప్పుడు ఎంతదూరము పోవలెనో తెలియని బండికి లాభించలేదు.

ఆ దూరపు ఆటంకమును తగ్గించినది లిథియము బ్యాటరీ. 1991లో సోనీ సంస్థ దానిని విపణిలోనికి తెచ్చినది. దానికి పునాది వేసిన విటింగ్‌హాం, గుడెనఫ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. మన దక్షిణాదిన 2001లో బెంగుళూరు నుండి వచ్చిన రేవా అను చిన్న కారు మొదట సీసపు బ్యాటరీతోనే నడిచి, పట్టణమునకే పరిమితమైనది. తెలుగునాట 2019లో హైదరాబాదు విమానాశ్రయమునకు విద్యుత్ బస్సులు నడువనారంభించినవి. 2022లో తిరుపతి నుండి తిరుమల కొండకు కూడ అవి ఎక్కినవి. కొండ దిగునప్పుడు మోటారే జనరేటరుగా మారి, ఎక్కుటకు వాడిన శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి ఇచ్చును. ఈ బస్సులన్నియు నిర్ణీతమైన దారిలో తిరిగి డిపోకు చేరునవే. పాలబండి సూత్రమునే ఇవియు పాటించుచున్నవి.

ఇక నేటి ఖర్చు చూతము. పెట్రోలులోని శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతే చక్రమునకు చేరును. తక్కినది వేడియై పోవును. విద్యుత్ మోటారు తనకందిన దానిలో అధికభాగమును చక్రమునకు ఇచ్చును. చిన్న విద్యుత్తు కారునకు, చార్జి చేయుటలో పోవు నష్టముతో సహా, 100 కిలోమీటర్లకు 16 యూనిట్లు అనుకొందము. ఇంటిలో యూనిట్‌కు 9 రూపాయలు వేసికొన్నచో 144 రూపాయలు. లీటరునకు 16 కిలోమీటర్లు ఇచ్చు పెట్రోలు కారునకు, లీటరు 110 రూపాయల వంతున, 687 రూపాయలు. తేడా కిలోమీటరునకు ఐదున్నర రూపాయల వరకు ఉన్నది. ఇంజను ఆయిలు, క్లచ్చి వంటి ఖర్చులు కూడ విద్యుత్తు కారునకు లేవు.

అయితే కొనునప్పుడు ఆ కారునకు 4 లక్షలు అదనముగా పెట్టినామనుకొనుడు. ఆ సొమ్ము తిరిగి చేతికి వచ్చుటకు సుమారు 74,000 కిలోమీటర్లు తిరుగవలెను. నెలకు 2,500 కిలోమీటర్లు తిరుగు బాడుగ బండికి అది రెండున్నర ఏండ్ల పని. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగు ఇంటి కారునకు ఆరేండ్లు దాటును. పెండ్లికో, తిరునాళ్లకో మాత్రమే షెడ్డు దాటు కారునకు ఆ సొమ్ము తిరిగిరాదు. పలు సంస్థలు బ్యాటరీకి 8 ఏండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు హామీ ఇచ్చుచున్నవి. ఎండవేడిమి బ్యాటరీ ఆయుస్సును హరించునని కూడ మరువరాదు. మన సీమలో కారును వేపచెట్టు నీడన నిలుపుట కూడ ఒక పొదుపే.

రెండవ ప్రశ్న శుభ్రతను గురించినది. వీధిలో పొగ లేదన్నది నిజము. ఇరుకు బజారులో నివసించు వారికి అది చిన్న మేలు కాదు. కాని ఆ విద్యుత్తు ఎక్కడ పుట్టినది? భారతదేశపు విద్యుత్తులో ముప్పాతికకు దగ్గరగా బొగ్గు నుండియే వచ్చుచున్నది. సగటున ఒక యూనిట్ వెనుక 0.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. పై లెక్కలోని కారు 100 కిలోమీటర్లు నడుచుటకు ఇబ్రహీంపట్నము, కృష్ణపట్నము వంటి చోట్ల పొగగొట్టముల నుండి 11 కిలోల పైచిలుకు వెలువడును. పెట్రోలు కారు తన గొట్టము నుండియే 14 కిలోలు వదలును. తేడా ఉన్నది గాని, ప్రకటనలలో కనబడునంత లేదు. పైగా 30 యూనిట్ల బ్యాటరీ తయారగుటలోనే రెండు మూడు టన్నుల వాయువు వెలువడును. ఆ అప్పు తీరుటకు కారు కొన్ని పదులవేల కిలోమీటర్లు నడువవలెను.

బొగ్గు లేని విద్యుత్తు మనకు దగ్గరలోనే ఉన్నది. మార్కాపురమునకు ఎగువన నల్లమలలో శ్రీశైలము కుడిగట్టున 770 మెగావాట్ల, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రములున్నవి. అక్కడ పొగ లేదు. కాని ఆ జలాశయము క్రింద సుమారు నూరు గ్రామములు మునిగినవి. ఆ ఊళ్లవారు చెల్లించిన మూల్యము ఏ కరెంటు బిల్లులోను కనబడదు. సూర్యుని నుండి వచ్చు విద్యుత్తు అట్లుకాదు. ఇంటికప్పుపై 3 కిలోవాట్ల పలకలు అమర్చినచో రోజునకు సుమారు 12 యూనిట్లు వచ్చును. 2024లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పథకము క్రింద వానికి 78,000 రూపాయల వరకు రాయితీ ఉన్నది. నెలకు 1,000 కిలోమీటర్లకు కావలసినవి 160 యూనిట్లే. తరతరములుగా పంటను ఎండగట్టిన ఎండ ఇక్కడ మనకు సాయపడగలదు.

చివరకు బ్యాటరీ చచ్చిన పిమ్మట ఏమగును? ఈ ప్రశ్న ఆటోలకును వర్తించును. పాత సీసపు బ్యాటరీని ఊరి బయట పగులగొట్టి సీసము కరగించినచో ఆ విషము నేలలో, నీటిలో దిగును. పసిబిడ్డల మెదడునకు అది చేయు హాని తిరిగి మానదు. ఫ్లోరైడు నీటితో ఇప్పటికే కుంగిన పడమటి ప్రకాశమునకు మరొక విషము తగదు. పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులదేయని 2022 నాటి కేంద్ర నిబంధనలు చెప్పుచున్నవి. పాత బ్యాటరీని తూకమునకు అమ్మివేయక, కొన్న దుకాణమునకే అప్పగించుట కొన్నవారి ధర్మము.

కనుక జమాఖర్చు ఇట్లు తేలుచున్నది. రోజూ తిరిగి రాత్రికి ఇల్లు చేరు బాడుగ బండికిని, ఆటోకును విద్యుత్తు లాభము. ఇంటికప్పున సూర్యుని పలకలు ఉన్నచో ఆ లాభము గాలికిని పంచినట్లగును. అరుదుగా తిరిగి, అదాటున దూరము పోవలసిన ఇంటివారు, దారిలో చార్జి కేంద్రములు విరివిగా ఏర్పడువరకు ఉన్న బండిని కాపాడుకొనుట తప్పు కాదు. నూటపాతికేండ్ల క్రిందట లండను క్యాబువారు విద్యుత్తు ధరనే చూచి, బ్యాటరీ ధరను తక్కువగా అంచనా వేసి నష్టపోయినారు. కొనుటకు ముందు మన బండి నెలకు ఎంత తిరుగునో, దానికి కరెంటు ఎక్కడి నుండి వచ్చునో, దాని బ్యాటరీ ఎక్కడికి పోవునో ఒక కాగితము మీద వ్రాసికొన్నచో, ఆ నష్టము మన ఇంటికి రాదు.