పిల్లల గొంతు, పెద్దల మైకు

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. ఒక నాయకుడు పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని మాట్లాడితే, అది పిల్లల మాటా, ఆయన మాటా? అమెరికాలో తుపాకుల గొడవ వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న కూడా వస్తుంది.

2012 డిసెంబర్ 14. కనెక్టికట్ రాష్ట్రంలో న్యూటౌన్ అనే ఊరు. శాండీ హుక్ ఎలిమెంటరీ స్కూల్లోకి ఒకడు తుపాకీతో చొరబడి 20 మంది పిల్లల్ని, ఆరుగురు పెద్దవాళ్లని చంపేశాడు. ఆ పిల్లలందరికీ ఆరేడేళ్లే.

నెల దాటగానే, 2013 జనవరి 16న, అధ్యక్షుడు ఒబామా తుపాకుల మీద కొత్త ప్రతిపాదనలు ప్రకటించారు. పక్కన నలుగురు పిల్లలున్నారు. వాళ్లు శాండీ హుక్ పిల్లలు కాదు, వేరే ఊళ్ల నుంచి ఆయనకి ఉత్తరాలు రాసినవాళ్లు. ఆ ఉత్తరాలు చదివి వినిపించి, వాళ్ల ముందే సంతకాలు పెట్టారు. పిల్లల్ని అడ్డం పెట్టుకుంటున్నారని వెంటనే విమర్శలొచ్చాయి.

మరి విమర్శించిన వర్గం ఊరుకుందా? లేదు. సరిగ్గా ముందురోజే తుపాకీ యజమానుల సంఘం ఎన్ఆర్ఏ ఒక ప్రకటన వదిలింది. అధ్యక్షుడి పిల్లలకి స్కూల్లో సాయుధ కాపలా ఉంటుంది కదా, మీ పిల్లలకంటే వాళ్లు ఎక్కువా అని దాని సారాంశం. అంటే రెండు వైపులా పిల్లలే!

ఫలితం? తుపాకీ కొనేవాళ్ల నేపథ్యాన్ని ఇంకా విస్తృతంగా తనిఖీ చేయాలన్న సవరణ ఏప్రిల్ 17న సెనేట్‌లో వీగిపోయింది. 54 ఓట్లు వచ్చాయి, కావాల్సింది 60.

ఇప్పుడు 2018కి వద్దాం. ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్ హైస్కూల్లో 17 మంది చనిపోయారు. ఈసారి బతికి బయటపడ్డవాళ్లు టీనేజర్లు. చేతిలో ఫోన్లున్నాయి, ఎవరి కోసమూ ఆగలేదు. వారంలోపే అధ్యక్షుడు ట్రంప్ కొందరు విద్యార్థుల్ని, తల్లిదండ్రుల్ని వైట్‌హౌస్‌కి పిలిచారు. ఆయన చేతిలోని చీటీ ఫొటోల్లో పడింది. అందులో ఐదో పాయింటు, "మీ మాట వింటున్నాను" అని. వింటున్నాననే మాట కూడా రాసుకుని రావాలా అని జనం ఏకిపారేశారు.

మార్చి 24న వాషింగ్టన్‌లో లక్షల మంది కదిలారు. ఆ స్టేజీ మీద మాట్లాడింది పిల్లలూ కుర్రకారే, ఒక్క రాజకీయ నాయకుడు కూడా కాదు. అంతకు ముందే, మార్చి 9న, ఫ్లోరిడా ఆ స్కూలు పేరుతోనే చట్టం తెచ్చింది. తుపాకీ కొనే కనీస వయసు 21 అయింది. కానీ పిల్లలు గట్టిగా అడిగిన అసాల్ట్ రైఫిళ్ల నిషేధం అందులో లేదు. కొందరు స్కూలు సిబ్బందికి తుపాకులిచ్చే ఏర్పాటు మాత్రం ఉంది. పేరు పిల్లల స్కూలుది, నిర్ణయం పెద్దలది.

ఇంకోటి. పిల్లలందరిదీ ఒకే మాట కాదు. అదే స్కూల్లో తుపాకీ హక్కుల్ని సమర్థించిన విద్యార్థి కూడా ఉన్నాడు. ఏ పార్టీ అయినా తనకి పనికొచ్చే పిల్లల్నే పిలుస్తుంది.

నా అభిప్రాయం చెప్తా. పిల్లలు మాట్లాడటం తప్పు కాదు. తూటా తగిలేది వాళ్లకే. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలు కూడా స్కూళ్లలో లాక్‌డౌన్ డ్రిల్ చేస్తూనే పెరుగుతున్నారు. అందుకే ఇలాంటి వీడియో మీ ఫోన్‌లోకి వస్తే, షేర్ కొట్టేముందు మూడు చూడండి. ఈ పిల్లల్ని ఎవరు ఎంచుకున్నారు? మైకు ఎవరి చేతిలో ఉంది? కెమెరా ఆగాక ఆ నాయకుడు దేనికి ఓటేశాడు?

మూడోదే అసలైంది. ఉంటా ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.