చదరంగం పజిళ్లు: సాధనకూ ఆటకూ మధ్య

చదరంగం పజిళ్ల వయసు వెయ్యేళ్ల పైమాటే. బాగ్దాద్ ఖలీఫాల కాలంలో 9వ శతాబ్దానికి చెందిన అల్ అద్లీ, ఆ తర్వాతి తరంవాడైన అస్సూలీ ‘మన్సూబా’లనే చిక్కు స్థితులను పోగుచేశారు. వాటిలో దిలారామ్ కథ ప్రసిద్ధం. భర్త తనను పందెం ఒడ్డి ఓటమి అంచున నిలిస్తే, రెండు ఏనుగులనూ వదులుకుని తనను దక్కించుకొమ్మని ఆమె సూచిస్తుంది. చాలా మన్సూబాల్లో తరువాతి ఎత్తులోనే ఓడిపోయే ప్రమాదం గెలవాల్సినవాడికీ ఉంటుంది కాబట్టి, ప్రత్యర్థి రాజుకు ఊపిరాడనివ్వకుండా వరసగా దాడి చేయక తప్పదు. నిజమైన ఆటలోనూ ఇలాంటి ఘట్టాలు వస్తాయి గనుక మన్సూబాలు మంచి సాధనగా పనికొచ్చాయి.

అలెప్పోకు చెందిన ఫిలిప్ స్టామా 1737లో పారిస్‌లో 100 స్థితులతో పుస్తకం వేశాడు. పదేళ్ల తర్వాత లండన్‌లో ఫిలిడోర్ చేతిలో చిత్తుగా ఓడాడు. బంట్ల అమరికే ఆటకు ప్రాణమని చెప్పినవాడు ఫిలిడోర్. ఒక్క పోటీతో ఏదీ తేలదు గానీ, మెరుపు ఎత్తులు తెలిసినంత మాత్రాన ఆట మొత్తం చేతికి రాదని అప్పుడే కనిపించింది. 19వ శతాబ్దంలో సామ్ లాయిడ్ వంటివారు పజిల్ రచనను సొంత కళగా మలిచారు. ఆ స్థితులు ఎంతో అందమైనవే, కానీ పోటీ బల్ల మీద ఎదురయ్యేవి తక్కువ.

పజిళ్లు ఎందుకు పనిచేస్తాయో చెప్పే ఆధారం 20వ శతాబ్దంలో దొరికింది. డచ్ పరిశోధకుడు డి గ్రూట్ దారిలో, 1973లో చేజ్, సైమన్ ఆటగాళ్లకు ఒక స్థితిని కొన్ని సెకన్లు చూపి, తిరిగి పేర్చమన్నారు. నిజమైన ఆటలోని స్థితిని మేటి ఆటగాడు దాదాపు యథాతథంగా పేర్చాడు. పావులను అడ్డదిడ్డంగా పెట్టినప్పుడు మాత్రం కొత్తవాడి కంటే పెద్దగా మెరుగనిపించుకోలేదు. అంటే అతని బలం ఉత్త జ్ఞాపకశక్తిలో లేదు, చూసి చూసి కంటికి అలవాటైన అమరికల్లో ఉంది. పజిళ్లు పెంచేది ఆ అలవాటునే. లాస్లో పోల్గార్ 1994లో 5334 పజిళ్లు, ఆటలతో కూడిన సంకలనం తెచ్చాడు. స్వీడన్ ఆటగాడు హాన్స్ టిక్కానెన్ ఒకే పజిళ్ల దొంతరను మళ్లీ మళ్లీ, ప్రతిసారీ తక్కువ సమయంలో సాధించి, 2010లో గ్రాండ్‌మాస్టర్ బిరుదుకు కావలసిన నార్ములు అందుకున్నాడు.

2005లో చార్నెస్ బృందం జరిపిన అధ్యయనంలో, ఆటగాడి స్థాయితో అన్నిటికంటే గట్టిగా ముడిపడింది ఒంటరిగా చేసిన శ్రద్ధగల అధ్యయనం. అయితే అందులో పజిళ్లు ఒక భాగం మాత్రమే. పైగా పజిల్‌లో గెలుపు దాగి ఉందని ముందే తెలుసు. ఆటలో ఆ కబురు ఎవరూ చెప్పరు. గడియారం ఒత్తిడిని తట్టుకోవడం, నిదానమైన స్థితుల్లో తగిన పథకం వేయడం ఆటలు ఆడి, వాటిని తిరిగి పరిశీలిస్తేనే వస్తాయి. పజిళ్లు ఎత్తుగడలను పసిగట్టే చూపును నిశ్చయంగా పదును పెడతాయి. తోచిన తొలి ఎత్తు వేసేయకుండా, ప్రత్యర్థి జవాబులను చివరిదాకా లెక్కగట్టి సాధించినప్పుడే ఆ పదును పోటీలో అక్కరకొస్తుంది.