అరిజోనా ఎడారిలో ఉచిత విడిది

అమెరికా నైరుతి భాగాన ఉన్న అరిజోనా రాష్ట్రంలో క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 2,413 మాత్రమే. అయితే శీతకాలం వచ్చిందంటే ఊరి చుట్టూ ఉన్న ఎడారి వాహనాలతో నిండిపోతుంది. ఉత్తరాది మంచుకు తాళలేనివారు వ్యానులలోను, పడక, వంటగది అమర్చిన ఆర్.వి. అనే పెద్ద బండ్లలోను వచ్చి, ఎక్కడికక్కడ విడివిడిగా నిలుపుకొని నివసిస్తారు. దీనిని డిస్పర్స్డ్ క్యాంపింగ్ అంటారు. అద్దె లేదు.

అది ఎవరి భూమి? మన వైపు పోరంబోకు అనే మాట స్ఫురిస్తుందిగాని రెండూ ఒకటి కావు. దానిలో అధికభాగం కేంద్ర ప్రభుత్వానికి చెందిన ప్రజాభూమి. 1946లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ ఇటువంటి భూమిని దేశం మొత్తం మీద సుమారు 24.5 కోట్ల ఎకరాలు నిర్వహిస్తున్నది. దీనిని సాధారణంగా అమ్మివేయక ప్రభుత్వం చేతిలోనే ఉంచాలని 1976 నాటి చట్టం నిర్దేశించింది.

ఒకచోట 28 రోజులలో 14 రోజులకు మించి ఉండరాదు. గడువు తీరిన పిదప 25 మైళ్లు, అనగా సుమారు 40 కిలోమీటర్లు, ఆవలకు తరలిపోవాలి. విడిది ఆక్రమణగా మారకుండా చూడడానికి ఇంతకంటె సులభమైన ఉపాయం లేదు. చలికాలమంతా ఉండదలచినవారు రుసుము చెల్లించి, ఊరికి దక్షిణాన ఉన్న లా పోసా వంటి ప్రత్యేక స్థలాలలో దిగవచ్చు. పక్కనే రాష్ట్ర ప్రభుత్వ ట్రస్టు భూములు, ఆదివాసుల రిజర్వు భూములు కూడా ఉన్నవి. వాటికి ఈ నియమం వర్తించదు. అన్నిచోట్లా కంచె ఉండదు కనుక పటం చూచుకొనడం అవసరం.

ఉచితమన్న మాటకు రుసుము లేదని మాత్రమే అర్థం. నీటి కొళాయి, విద్యుత్తు, మరుగుదొడ్డి, చెత్తకుండీ ఏవీ ఉండవు. త్రాగడానికే మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే దాదాపు 4 లీటర్ల నీరు కావాలి. నాలుగురు మనుషులు వారం దినాలుంటే వంటకు, స్నానానికి గాక 100 లీటర్ల పైమాటే. బండిలోని మరుగుదొడ్డి తొట్టిని నేలపై వదలడం నేరం. దానికై ఏర్పరచిన కేంద్రానికి తీసుకుపోయి ఖాళీ చేయాలి. పశువులు, వన్యమృగాలు నీరు త్రాగే గుంటల దారికి అడ్డంగా పావు మైలు లోపల దిగడాన్ని అరిజోనా చట్టం నిషేధించింది. ఆ దాహం ముందు మన సౌకర్యం ఏపాటిది?

క్రొత్తవారు ఎక్కువగా మోసపోయేది వంకల వద్ద. నున్నని ఇసుక, చదునైన నేల, గట్టున నాలుగు చెట్ల నీడ చూచి బండి దింపబుద్ధి పుడుతుంది. రాయలసీమ వంకల వలెనే అవి ఏడాదిలో అధికభాగం ఎండి ఉంటవి. పైన ఆకాశం నిర్మలంగా ఉండగానే, ఎక్కడో కొండలపై కురిసిన వాన నిమిషాలలో వరదై వచ్చి పడుతుంది. ఎండిన వంకలో రాత్రి విడిది చేయరాదన్నది అక్కడ మొదటి పాఠం. ఇతరులు దిగి గట్టిపడిన చోటనే దిగడం రెండవది. చెదరిన ఎడారి పైపొర మరల కట్టుకొనడానికి దశాబ్దాలు పట్టవచ్చును.

అక్కడ ఉండేవారందరూ వినోదానికి వచ్చినవారు కారు. 2008 ఆర్థిక మాంద్యం తరువాత ఇల్లు, పొదుపు పోగొట్టుకొన్న వృద్ధులెందరో బండినే ఇల్లు చేసుకొన్నారు. వారి జీవితాన్ని జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌ల్యాండ్' అనే గ్రంథంగా వ్రాశారు. దాని ఆధారంగా వచ్చిన చిత్రానికి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ లభించింది. వారికి పదునాలుగవ దినం సెలవు ముగింపు కాదు. ఇల్లు కదిలించవలసిన దినం.

మన పల్లెల నుండి వెళ్లి ఫీనిక్స్ ప్రాంతంలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలకు క్వార్ట్జ్‌సైట్ సుమారు 200 కిలోమీటర్ల దూరం. నవంబరు నుండి మార్చి వరకు అనుకూలం. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కొన్నిచోట్ల ఫోను పనిచేయదు కనుక ఏ దారిన పోయేదీ, ఏనాడు తిరిగి వచ్చేదీ ముందే ఇంట చెప్పి బయలుదేరాలి.